జనాభా లెక్కల సాయంతో వంశ చరిత్ర: కర్నూలు, అనంతపురం, కడప కుటుంబాలు వెతకవలసిన తీరు

వంశ చరిత్ర వెతకబోయేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, 1881లోనో 1931లోనో తీసిన జనాభా లెక్కల్లో తమ జేజినాయన పేరున్న కాగితం ఎక్కడ దొరుకుతుందన్నది. బ్రిటన్‌లో 100 ఏళ్ళు, అమెరికాలో 72 ఏళ్ళు గడిచాక ఇంటింటి పేర్లు రాసిన పత్రాలను అందరికీ చూపుతారు కనుక, అక్కడివారి అనుభవాలు చదివినవారికి ఈ ఆశ కలగడం సహజమే. మన దేశంలో ఆ పత్రాలను, చీటీలను లెక్క కట్టడం పూర్తయ్యాక భద్రపరచలేదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను వ్యక్తుల వివరాలను బయటివారు తనిఖీ చేయకుండా, కోర్టులో సాక్ష్యంగా వాడకుండా అడ్డుపడుతుంది. కాబట్టి మీ పూర్వీకుల జనగణన చీటీ తెచ్చిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అయితే ఆ లెక్కల నుంచి పుట్టిన నివేదికలు, పట్టికలు, జిల్లా పుస్తకాలు దాదాపు 150 ఏళ్ళవి నిలిచి ఉన్నాయి. వాటిలో మనుషుల పేర్లు ఉండవు. ఏ ఊరు ఎప్పుడు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో, ఎప్పుడు జనం తగ్గారో, ఎప్పుడు పెరిగారో, ఎవరు ఏ వృత్తి మీద బతికారో ఉంటుంది. పేర్లు రెవెన్యూ రికార్డుల్లో, ఇనాం (మాన్యాల) రిజిస్టర్లలో, బడి రిజిస్టర్లలో ఉంటాయి. ఏ ఊరి, ఏ కాలపు రిజిస్టరు తెరవాలో జనాభా లెక్కలు చెబుతాయి. ఆ వరుస తప్పితే రికార్డు గదిలో ఎన్నాళ్ళు కూర్చున్నా ఫలితం ఉండదు.

పని ఇంట్లోనే మొదలు కావాలి. అవ్వలు, జేజులు, పెద్దనాయనలు చెప్పే మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. మన ప్రాంతంలో పెద్దలు తేదీలు చెప్పరు, కరువులు చెబుతారు. "ధాత కరువులో ఊరు విడిచి వచ్చినాము" అన్న మాటకు స్పష్టమైన కాలం ఉంది. ధాత నామ సంవత్సరం 1876 ఉగాదితో మొదలైంది. 1876-78 నాటి మహా కరువు కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. "డొక్కల కరువు" అంటే నందన నామ సంవత్సరం, అంటే 1832-33. "గంజి కరువు" అంటే సాధారణంగా 1950ల తొలి ఏళ్ళలో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కాలం. మహా విషజ్వరం వచ్చి ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని చెబితే, అది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కావచ్చు. ఆ ఏడు కాళయుక్తి. సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కనుక ధాత అంటే 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు. ఏది సరైనదో తేల్చడానికి మధ్యలో ఎన్ని తరాలు గడిచాయో లెక్కపెట్టి, తరానికి సుమారు 25 ఏళ్ళ చొప్పున వెనక్కు వెళ్ళండి.

ఈ మాటలను జనాభా లెక్కలతో సరిచూడవచ్చు. మద్రాసు రాజధానిలో 1871లో లెక్కలు తీశారు. దేశమంతటా ఒకేసారి తీసినవి 1881 ఫిబ్రవరి 17వ తేదీవి. ఈ రెండిటికీ మధ్యనే ధాత కరువు వచ్చింది. కర్నూలు జిల్లాలో ఈ పదేళ్ళలో జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. మీ ఇంట్లో చెప్పుకొనే వలస ఈ కాలానిదైతే, పాత ఊరు ఉన్న తాలూకాకూ కొత్త ఊరు ఉన్న తాలూకాకూ 1871, 1881, 1891 అంకెలను పక్కపక్కన రాసుకోండి. మొదటిది బాగా పడిపోయి, రెండోది అంతగా పడకుండా ఉంటే కథకు బలం వస్తుంది. రెండూ ఒకే తీరుగా పడిపోతే, కుటుంబం కరువు తర్వాత బీళ్ళు సాగు చేసుకోవడానికి వచ్చిందేమో ఆలోచించాలి. అంకెలు దేన్నీ నిరూపించవు, కానీ ఏ కథ నిలబడదో చెప్పగలవు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసింది సరిహద్దుల విషయంలో. ఈ మూడు జిల్లాల సరిహద్దులు మారినన్ని సార్లు మారిన చోట్లు ఆంధ్రదేశంలో తక్కువే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక, దత్త మండలాలుగా కలెక్టరు మన్రో పాలనలో ఉండి, తర్వాత బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయింది. కర్నూలు నవాబు రాజ్యాన్ని 1839లో కంపెనీ కలుపుకొన్నది. 1858లో కడప నుంచి కంభం, మార్కాపురం, కోవెలకుంట్ల తాలూకాలనూ బళ్ళారి నుంచి పత్తికొండనూ చేర్చి కర్నూలు జిల్లాను ఏర్పరిచారు. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. అందువల్ల గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, హిందూపురం, మడకశిర వైపు వారు 1871, 1881 పట్టికల్లో తమ తాలూకాను బళ్ళారి జిల్లా కింద వెతకాలి. కదిరి తాలూకా 1910 దాకా కడపలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి వెళ్ళిపోయాయి. ఆదోని, ఆలూరు 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలుకు వచ్చాయి. రాయదుర్గం కూడా బళ్ళారి నుంచి ఆ దశకంలోనే అనంతపురంలో కలిసింది. మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాకు పోయాయి. బనగానపల్లె 1948 దాకా వేరే సంస్థానం కనుక, దాని లెక్కలు కర్నూలు జిల్లా అంకెలతో కలవకుండా సంస్థానాల కింద విడిగా కనిపిస్తాయి. 1985లో తాలూకాల చోట మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాయి.

మీ ఊరి పేరు పైన పెట్టుకొని, పై మార్పుల ప్రకారం ప్రతి లెక్కల సంవత్సరానికీ ఒక గీత గీసి, ఆ ఏడు అది ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది ముందే రాసుకొంటే తర్వాత చాలా శ్రమ తప్పుతుంది. ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబం 1931 పట్టికల్లో కర్నూలు జిల్లాను తిరగేస్తే ఆదోని కనిపించదు, బళ్ళారిని తిరగేస్తేనే కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ఊరి పేర్ల వర్ణక్రమం కూడా దొరలు విన్నట్లు రాసినది. పెద్ద, చిన్న, కొత్త, పాత అన్న ముందుమాటలు ఒక్కో పుస్తకంలో పేరుకు ముందు, ఇంకో పుస్తకంలో వెనుక వస్తాయి. ఊరి పేరుతో పాటు పక్క ఊళ్ళ పేర్లు నాలుగైనా దగ్గర పెట్టుకొని, అవన్నీ ఒకే చోట కనిపిస్తేనే అది మన ఊరని నిర్ణయించుకోవాలి; లేకుంటే తాలూకాకు రెండు మూడు ఉండే కొత్తపల్లెల్లో పొరపాటు పడతాం.

జనాభా లెక్కల పుస్తకాలను రెండు కాలాలుగా చూడాలి. 1871 నుంచి 1941 దాకా మద్రాసు రాజధాని నివేదికల్లో ఎక్కువ వివరం జిల్లా, తాలూకా స్థాయిలోనే ఉంటుంది: మతం, కులం, మాతృభాష, అక్షరాస్యత, వృత్తి, పుట్టిన జిల్లా. కులాల వారీ అంకెలు పూర్తిగా ప్రచురించిన చివరి లెక్కలు 1931వి; 1941లో యుద్ధం వల్ల పట్టికలు బాగా కుదించారు. కులాల పట్టిక చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి: ఒకే జనాన్ని ఒక లెక్కలో ఒక పేరు కింద, తర్వాతి లెక్కలో మరో పేరు కింద చేర్చడం తరచుగా జరిగింది, కాబట్టి పదేళ్ళలో ఒక కులం జనం సగానికి తగ్గినట్లు కనిపించినా జనం తగ్గారని అనుకోకూడదు. పుట్టిన జిల్లా పట్టిక వలసలకు పనికొస్తుంది. మన వైపు నుంచి కోలారు బంగారు గనులకు, బెంగళూరుకు పోయినవారి కోసం మైసూరు సంస్థానపు సంపుటాల్లో కూడా ఈ పట్టిక చూడాలి.

1951 నుంచి జిల్లా జనగణన పుస్తకాలు వచ్చాయి. వీటిలో ఊరి ఊరికీ ఒక వరుస ఉంటుంది, కాబట్టి వంశ చరిత్ర వెతికేవారికి నిజంగా పనికొచ్చేవి ఇవే. 1961 నాటి వరుసను ఉదాహరణగా తీసుకొందాం. ఊరి పేరు, విస్తీర్ణం, ఇళ్ళు, కుటుంబాలు, మగవారు, ఆడవారు, షెడ్యూల్డు కులాలు, తెగలు, చదువుకున్నవారు అయ్యాక, పనిచేసేవారిని తొమ్మిది తరగతులుగా విడదీశారు. మొదటిది సొంత సేద్యం, రెండోది వ్యవసాయ కూలి, నాలుగోది ఇంటి పరిశ్రమ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఉరవకొండ, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో నాలుగో తరగతి అంకె పక్క ఊళ్ళ కన్నా ఎక్కువగా కనిపిస్తే అది చాలాసార్లు మగ్గాల ఊరు. మీ తాత మగ్గం నేసేవాడని మాత్రమే తెలిసి, నాలుగు ఊళ్ళలో ఏదో తేలనప్పుడు ఈ ఒక్క అంకె వెతుకులాటను ఒకటి రెండు ఊళ్ళకు తగ్గిస్తుంది. జనం లేరని రాసిన ఊళ్ళను కూడా వదలకండి; వాటిని మన కరణాల లెక్కల్లో బేచిరాకు గ్రామాలంటారు. ఊరు పోయినా సర్వే నెంబర్లు, భూమి పట్టాలు ఆ ఊరి పేరు మీదే కొనసాగుతాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిన కర్నూలు జిల్లా ఊళ్ళు, సోమశిల కింద పోయిన కడప జిల్లా ఊళ్ళు 1961, 1971 పుస్తకాల్లో నిండు జనంతో కనిపిస్తాయి. చెదిరిన కుటుంబాలకు ఆ పేజీలు ఎంతో విలువైనవి.

1961 జనగణనలో భాగంగా జిల్లాల వారీగా తిరునాళ్ళు, జాతరల మీద విడిగా సంపుటాలు తెచ్చారు. వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గాని, నా దృష్టిలో రాయలసీమ కుటుంబాలకు జనాభా అంకెల కన్నా ఇవే ఎక్కువ ఉపయోగపడతాయి. ఊరిలోని దేవుళ్ళు, తిరునాళ్ళ తేదీ, ఎంత దూరం నుంచి జనం వస్తారు, పూజారి ఏ కులం, ఆ హక్కు వంశపారంపర్యమా అన్న వివరాలు వాటిలో ఉంటాయి. మన ఇళ్ళలో పేర్లు ఇలవేల్పును బట్టి పెడతారు. ఓబులేసు, ఓబులమ్మ ఉన్న ఇంటికి అహోబిలంతో, మద్దిలేటి ఉన్న ఇంటికి మద్దిలేటి నరసింహస్వామితో, కదిరప్ప ఉన్న ఇంటికి కదిరి నరసింహునితో, ఉరుకుందమ్మ, ఈరన్న ఉన్న ఇంటికి ఉరుకుందతో సంబంధం ఉంటుంది. మస్తానయ్య, పీరయ్య అని హిందువుల ఇళ్ళలో వినిపిస్తే ఏదో దర్గా మొక్కు ఉంటుంది. అనంతపురంలో నాలుగు తరాలుగా ఉంటున్న ఇంట్లో తరానికొక మద్దిలేటి ఉంటే, ఆ ఇల్లు ఒకప్పుడు డోను, బేతంచెర్ల వైపుదేమో చూడటం తప్పనిసరి.

ఇక్కడిదాకా వచ్చాక మీ చేతిలో ఒక ఊరు, ఒక పదేళ్ళ కాలం ఉంటాయి. పేర్ల కోసం ఇప్పుడు ఇతర రిజిస్టర్లకు వెళ్ళాలి.

అన్నిటికన్నా లోతుగా వెనక్కు తీసుకుపోయేది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి రాయించినది ఇది. బ్రాహ్మణ అగ్రహారాలకే ఇది పనికొస్తుందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. దేవదాయం, ధర్మదాయం, భటవృత్తి (బ్రాహ్మణులకు ఇచ్చిన మాన్యం), చెరువు తవ్వించినందుకు ఇచ్చిన దశబంధం, ఖాజీ మాన్యం, పీర్ల చావడి మాన్యం, తలారి, నీరుగట్టు, వడ్ల, కమ్మరి, చాకలి, మంగలి మాన్యాలు ఉన్న ఇళ్ళన్నీ ఇందులో వెతకదగినవే. ఒక వరుసలో మాన్యం ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవించేవారి పేరు, వయస్సు, నివాసం, మొదట పొందినవారికి వీరు ఏమవుతారు అన్నవి ఉంటాయి. 1860ల నాటి మనిషి వయస్సు 50 అని ఉండి, మొదట పొందినవాడు అతని తాత అని ఉంటే, ఒక్క వరుసలోనే 18వ శతాబ్దానికి వెళ్ళిపోయినట్లే. టి.డి. (టైటిల్ డీడ్) నెంబరు అని దానికొక సంఖ్య ఉంటుంది. ఇంట్లో పాత పట్టా మీద ఆ సంఖ్య కనిపిస్తే నకలు అడగడం చాలా సులువు.

మాన్యం లేని రైతు కుటుంబాలకు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఆధారం. జనం దాన్ని ఆర్.ఎస్.ఆర్. అంటారు. అందులో సర్వే నెంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది. దాని తర్వాత అడంగళ్ళు (సాగు వివరాలు రాసే దస్త్రాలు), పది ఒన్ ఖాతాలు (పట్టాదారుల ఖాతాలు) ఏటేటా నడుస్తాయి. వీటిలో సంవత్సరాలు ఫసలీలో, అంటే రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు జూలైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. పాత అడంగళ్ళు గొలుసుకట్టు రాతలో, తెలుగు అంకెలతో ఉంటాయి. ఆ రాత చదవగల పాత కరణాల ఇళ్ళవారిని మర్యాదగా అడిగితే చాలామంది కూర్చుని చదివి పెడతారు. 1984లో గ్రామాధికారుల వంశపారంపర్య ఉద్యోగాలు రద్దయ్యాక దస్త్రాలు తాలూకా, తర్వాత మండల కార్యాలయాలకు చేరాయి కనుక, ముందు తహసీల్దారు కార్యాలయంలో, తర్వాత కలెక్టరేటు రికార్డు గదిలో నకలుకు అర్జీ పెట్టండి. అర్జీలో ఇంటిపేరు రాయడం కన్నా గ్రామం, సర్వే నెంబరు, ఫసలీ రాయడం ముఖ్యం. రికార్డు గదిలో పనిచేసేవారు కట్టలను నెంబర్లతో తీస్తారు, పేర్లతో తీయరు.

జనన మరణాల రిజిస్టర్లను మునుపు మునసబులు రాసేవారు. వాటిలో తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి, బిడ్డ పేరు చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. బడి అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీని అయ్యవార్లు అంచనాతో వేసేవారు, అందుకే జూన్, జూలై తేదీలు అనుమానాస్పదంగా ఎక్కువ. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత క్రయ, భాగ పరిష్కార దస్తావేజులు తండ్రి, తాత పేర్లతో సహా అన్నదమ్ములందరినీ ఒక చోట చూపుతాయి. జమ్మలమడుగు, గుత్తి, నంద్యాల వంటి చోట్ల మిషన్ చర్చీల బాప్తిస్మ రిజిస్టర్లు అడిగి చూడాలి. రెడ్ల, గొల్లల ఇళ్ళకు గోత్రాలు చెప్పడానికి వచ్చే పిచ్చుకుంట్లవారి మాటలను కూడా రాసుకోవచ్చు; అవి పొగడ్త కలిసినవే అయినా, ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి చీలిందో చెప్పే చోట చాలాసార్లు సూటిగా ఉంటాయి.

ఇవన్నీ ఎలా కలుస్తాయో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. గుత్తి దగ్గర పల్లెలో ఉన్న ఒక కుటుంబం, ధాత కరువులో ఆలూరు వైపు నుంచి "వేరే జిల్లా విడిచి" వచ్చామని చెప్పుకొంటుంది అనుకోండి. 1876లో ఆలూరూ గుత్తీ రెండూ బళ్ళారి జిల్లాలోనే ఉన్నాయి కనుక, "వేరే జిల్లా" అన్న మాట 1882 తర్వాత కథలో చేరినదే తప్ప వలస అబద్ధమని దాని అర్థం కాదు. ఇంట్లో ఒకరు వీరభద్రప్ప, మరొకరు ఉరుకుందప్ప. గుత్తి పల్లెలో ఆర్.ఎస్.ఆర్. చూస్తే ఉరుకుందప్ప పేరుతో పట్టా ఉన్నట్లు తేలింది. అయితే ఒకే ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఇతను మూడో తరమా, అయిదో తరమా అన్న ప్రశ్న వస్తుంది. మన పల్లెల్లో పెద్దోబన్న, నడిపోబన్న, చిన్నోబన్న అని అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే పేరు ఉండడం మామూలే. అందుకే ఒక పేరు దొరికిన వెంటనే వంశపు చెట్టులో ఎక్కించకుండా, తండ్రి పేరు, సర్వే నెంబరు, కాలం మూడూ కుదిరాకే ఎక్కించాలి. మూడింటిలో రెండే కుదిరితే పెన్సిలుతో రాసి ఉంచండి. ఆలూరు వైపు ఇనాం రిజిస్టరులో అదే పేరు గల తలారి మాన్యం కనిపించి, ఆ మాన్యం 1870ల తర్వాత వేరేవారి పేర మారి ఉంటే, కుటుంబం విడిచి వచ్చిన కాలానికి దగ్గరైనట్లే.

పాత జనగణన నివేదికలను, జిల్లా పుస్తకాలను భారత జనగణన కార్యాలయం వెబ్‌సైటులోని డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దించుకోవచ్చు. చాలా సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి. మద్రాసు రాజధాని కాలపు రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కడపలో సి.పి. బ్రౌన్ పేరు మీద ఉన్న భాషా పరిశోధన కేంద్రంలో మెకంజీ దొర కాలపు కైఫీయత్తులు (ఊళ్ళ చరిత్ర చెప్పే రాతలు) చూడవచ్చు. వాటిలో సామాన్య ఇళ్ళ పేర్లు అరుదు గాని, ఊరు ఎవరు కట్టించారో, రెడ్డి, కరణం మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎవరిదో దొరకవచ్చు.

నకలు తీసుకొన్న ప్రతి కాగితం వెనుక కార్యాలయం పేరు, రిజిస్టరు పేరు, గ్రామం, ఫసలీ, పేజీ సంఖ్య, చూసిన తేదీ రాయండి. ఫోటో తీస్తే పేజీ పైన ఉండే శీర్షికను కూడా కలిపి తీయండి, లేకుంటే ఏ గడి దేనిదో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. చెట్టును ఇతరులకు పంపేటప్పుడు బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, కులం, సర్వే నెంబర్లు తీసేసి పంపండి. భూమి తగాదాలు నడుస్తున్న ఇళ్ళలో ఆ మూడూ బయటకు పోవడం మంచిది కాదు.